ఐరిష్ ఆవుకి కుడితి

లిమరిక్ ఊరి బయట మేం అద్దెకుంటున్న ఇంటి వెనక కంచె దాటితే పచ్చిక బీడు. అదీ, అందులో మేసే ఆవులూ మా ఇంటి యజమానివే. డెబ్బై దాటిన ఒంటరి రైతాయన, మాటల్లో మహా పొదుపరి. ఎండ కాసినా, వడగళ్ళు పడినా బాగుందనే అర్థంలో "గ్రాండ్" అని ఊరుకుంటాడు.

కిందటేడు వసంతంలో మా అత్తగారు రాజమండ్రి నుంచి వచ్చారు. నేను నర్సుని. కాన్పు సెలవు అయిపోయి మళ్ళీ డ్యూటీలో చేరుతున్నాను కాబట్టి, పాపని చూసుకోడానికి వచ్చారన్నమాట. వచ్చిన మర్నాడే పెద్ద రభస. బియ్యం కడిగిన నీళ్ళు నేను సింకులో పారబోయడం ఆవిడ చూశారు.

"ఎదురుగా గోమాతని పెట్టుకుని కుడితి తూములో పోస్తావేంటమ్మాయ్? కళ్ళు పోతాయి!"

"అవి మన ఆవులు కావండి అత్తయ్యగారూ."

"ఆవుకి మనదేంటి, పరాయిదేంటి?"

ఓడిపోయే వాదనలు నేను మొదలుపెట్టను. ఆ రోజు నుంచి కడుగు నీళ్ళు ఓ బకెట్లోకి చేరాయి. అందులో కాస్త గంజి, చిన్న బెల్లం ముక్క. నొసట తెల్లమచ్చ ఉన్న ఎర్రావు ఒకటి దూడని వెంటేసుకుని కంచె దగ్గరికి వచ్చేది. కుక్కర్ కూత వినబడితే చాలు, తయారు. ఐర్లండులో పుట్టినా దానికి బెల్లం రుచి బాగానే తెలిసింది.

బీడులో ఆవులకి నీళ్ళ తొట్టి ఉంది. ఇంటాయన రోజూ పొద్దున్నే వచ్చి అందులో తెల్లటి ఉప్పులాంటిదేదో కలిపి వెళ్ళేవాడు. ఆ తొట్టి కంచెకి దగ్గరే. ఓ రోజు అత్తగారు చెయ్యి చాపి, వేలు ముంచి నాలిక్కి రాసుకున్నారు.

"ఛీ ఛీ, పరమ చేదు! నోరు లేని జీవాలకి ఈ నీళ్ళా పోసేది?"

"ఏదో మందయి ఉంటుందండీ," అన్నాను. ఆవిడకి నచ్చలేదు. కుడితితో పాటు మంచినీళ్ళ బకెట్లు కూడా మొదలయ్యాయి, పొద్దున్నా సాయంత్రమూ. ఎర్రావు ఇక తొట్టి వైపు కన్నెత్తి చూడడం మానేసింది. అత్తగారి మొహంలో పుణ్యం చేసుకుంటున్న కళ కనిపించేది. నాకూ చూడముచ్చటగానే ఉండేది.

తర్వాత కొన్నాళ్ళు చలివాన పట్టుకుంది. ఓ సాయంత్రం నేను డ్యూటీ నుంచి వచ్చి, పాపని మా ఆయనకి అప్పగించి, గోరువెచ్చటి నీళ్ళ టబ్బులో ఎప్సమ్ ఉప్పు వేసుకుని కాళ్ళు పెట్టుకు కూర్చున్నాను. పెరట్లోంచి కేక.

"అమ్మాయ్! ఆవు వణికిపోతోంది, త్వరగా రా!"

తడికాళ్ళతోనే పరిగెత్తాను. ఎర్రావు చెవులు అదురుతున్నాయి. కళ్ళు బెదురుగా ఉన్నాయి. నిప్పుల మీద నడుస్తున్నట్టు కాళ్ళు ఎత్తెత్తి వేసి నాలుగడుగులు నడిచి, దబ్బున పడింది. పడ్డాక కాళ్ళు కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఇంటాయనకి ఫోన్ చేశాను.

ఆయన ఓ సీసా, గొట్టం, లావుపాటి సూది పట్టుకుని వచ్చి, భుజం వెనక చర్మం కిందకి మందు ఎక్కించాడు. పశువుల డాక్టరుకి కూడా ఫోన్ చేశాడు. "మెగ్నీషియం తగ్గింది," అన్నాడు. వసంతంలో గబగబా పెరిగిన లేతగడ్డిలో అది తక్కువట. పాలిచ్చే ఆవుకి ఉన్నది కాస్తా పాలల్లో పోతుందట. అందుకే తొట్టిలో కలుపుతున్నాడు. "మిగతావన్నీ బానే ఉన్నాయి. దీనికే ఎందుకొచ్చిందో!"

ఎందుకొచ్చిందో నాకు తెలిసిపోయింది, అది తాగేది మా బకెట్ల నీళ్ళే. మెగ్నీషియం నాకు కొత్తేం కాదు. మా ప్రసూతి వార్డులో, బీపీ పెరిగి ఫిట్సొచ్చే గర్భిణులకి ఎక్కించేది అదే. ఎక్కిస్తున్నంతసేపూ, మోతాదు మించలేదని తెలుసుకోడానికి మోకాలి మీద చిన్న సుత్తితో తట్టి చూస్తూ పక్కనే ఉంటాం. ఇందాక నేను కాళ్ళు పెట్టుకున్న టబ్బులో ఉన్నదీ అదే. మా ఆయన తేలిగ్గా ఉందని మురిసిపోయే లాప్‌టాప్ పైడొప్ప కూడా ఆ లోహంతో చేసిందేనట. ఇన్ని చోట్ల ఉన్నది, ఆ తొట్టిలో ఉంటుందని నాకు తట్టలేదు.

"ఏవంటున్నాడు?" అన్నారు అత్తగారు. చెప్పాను. ఆవిడ మొహం పాలిపోయింది.

"ధర్మానికి పోతే కర్మం చుట్టుకుంది. ఈ వయసులో గోహత్య మూటగట్టుకున్నానా! నేనే చేశానని చెప్పు ఆయనకి."

"ముందు దాన్ని లేవనివ్వండి అత్తయ్యగారూ. తర్వాత చెబుదాం."

"లేచాక చెబితే అదేం చెప్పడం? ఇప్పుడే చెప్పు."

చెప్పాను. కుడితి సంగతీ, మంచినీళ్ళ సంగతీ, అంతా. ఆయన అత్తగారి వైపు ఒక్కసారి చూసి, నోటి మీద వేలుంచుకున్నాడు. చప్పుడైతే ఆవుకి ఫిట్స్ ఎక్కువవుతాయట. డాక్టరు వచ్చి నరంలోకి మరో మందు మెల్లగా ఎక్కించి, ఇక చూడ్డమే అని వెళ్ళిపోయాడు. వానలో ముగ్గురం నిలబడ్డాం.

"మీ వార్డులో ఈ మందు పెట్టినవాళ్ళు లేస్తారా?" అత్తగారు గుసగుసగా అడిగారు.

"చాలామంది లేస్తారండి."

"అందరూ లేవరన్నమాట," అన్నారు. ఆవిడ కళ్ళల్లో నీటిచుక్క లేదు. ఏడిస్తే బాగుండునని నాకనిపించింది.

చీకటి పడేవేళకి ఆవు తల ఎత్తింది. ముందు మోకాళ్ళ మీద ఆగి, తూలి, చివరికి నాలుగు కాళ్ళ మీదా నిలబడింది. దూడ పొదుగు దగ్గర చేరింది. ఇంటాయన బురద చేతులు ప్యాంటుకి తుడుచుకుని నా వైపు తిరిగాడు.

"ఈ జబ్బొస్తే ఆవు పొద్దున్నకి చచ్చిపడి ఉంటుంది. జబ్బు సంగతి మాకప్పుడు తెలుస్తుంది. రోజూ దీని మొహం చూసే మనిషి ఉంది కాబట్టి ఇవాళ తెలిసింది. అది మీ అత్తగారికి చెప్పు. ఇకమీదట నీళ్ళు మాత్రం వద్దని కూడా చెప్పు."

రెండూ చెప్పాను. తిట్లు తినడానికి సిద్ధపడి నిలబడిన మనిషి అత్తగారు. ఆ పెద్దాయన తిట్టకపోయేసరికి కంచె పట్టుకుని భోరుమన్నారు.