ధాన్యం కాటా మీద మూడు నెలలు

నాకు ఇరవై మూడేళ్ళప్పుడు బందరులో ఒక డాక్టరుగారు నా చేతికి పట్టీ చుట్టి, బల్బు నొక్కి, నమ్మకం కుదరక ఇంకోసారి నొక్కి, "మీ నాన్నగారికి బీపీ ఎంత వయసులో వచ్చింది?" అని అడిగారు. నలభై అయిదులో అన్నాను. "మీరు ముందే వచ్చేశారు," అన్నారు, పెళ్ళికి తొందరగా వచ్చిన చుట్టంతో అన్నట్టు. బరువు తొంభై నాలుగు కిలోలు. మూడు నెలలు టైమిచ్చారు. బరువు తగ్గి బీపీ దిగితే సరే, లేకపోతే మాత్ర. "మాత్ర మొదలుపెడితే మళ్ళీ ఆపడం ఉండదు. ఆలోచించుకోండి."

ఆలోచించుకోడానికేముంది? అప్పటికి నాకు ఒక్క పెళ్ళి సంబంధమూ రాలేదు. జీవితాంతం తోడుంటానని మాత్ర మాత్రం బయల్దేరింది.

బరువు తగ్గడం నాకు కొత్త కాదు. అంతకు ముందు రెండుసార్లు మొదలుపెట్టాను. రెండుసార్లూ ఒకేలా చెడింది. ఎక్కడో ఒక భోజనాల్లో నాలుగు బూరెలు ఎక్కువ తినేస్తాను. ఛీ అనుకుని మర్నాడంతా పస్తుంటాను. ఆ మర్నాడు ఆకలికి వంటింట్లో గిన్నెలు తప్ప ఏమీ మిగల్చను. తప్పు చేసింది నోరు, జైలుకెళ్ళింది కడుపు, విడుదలయ్యాక పండగ చేసుకుంది మళ్ళీ నోరే. ఆఖర్న "మనవల్ల కాదులే" అని ఒక మాట అనుకునేవాణ్ణి. ఆ మాటలో ఉన్నంత హాయి ఏ బూరెలోనూ లేదు.

మా ఊరు చల్లపల్లి పక్కన. ఎటు చూసినా వరి. అలాంటి చోట మనిషి రాత్రిపూట అన్నం మానేస్తే అది ఆరోగ్య విషయం కాదు, కుటుంబ సమస్య. మూడోరోజుకే పక్కింటి పిన్ని గోడ మీంచి తొంగిచూసింది.

"ఏంటక్కా, అబ్బాయి అన్నం మానేశాడంటగా? ఎవర్నైనా ఇష్టపడ్డాడా?"

"లేదే, డాక్టరుగారు చెప్పారు," అంది అమ్మ.

"అంతేలే అక్కా. బయటికి అలాగే చెప్పుకోవాలి."

అన్నం బదులు చపాతీలన్నారు డాక్టరుగారు. చపాతీతో కడుపు నిండదని అమ్మ నమ్మకం. అందుకని ఎనిమిది చేసేది, నూనె వేళ్ళకంటేలా, పక్కన బంగాళాదుంప కూరతో. అవన్నీ అయ్యాక, "పాపం, అన్నం తినని పిల్లాడు" అని గ్లాసు నిండా మీగడ పెరుగు. నేను పథ్యం చేస్తున్నాననే అందరం అనుకున్నాం. దానికితోడు సాయంత్రం కాలవ గట్టు మీద రెండు మైళ్ళు నడిచేవాణ్ణి. ఆ మొత్తం పథకంలో నిజమైనది ఆ నడక ఒక్కటే.

ఇంట్లో బరువు చూసుకునే మిషను లేదు. వీధి చివర రైసు మిల్లులో ధాన్యం బస్తాలు తూచే కాటా ఉంది. నేలకి జానెడెత్తున ఇనప పలక, పక్కన ఒక కడ్డీ, దాని మీద జరిపే గుండు. కాటా వేసే పెద్దాయన్ని ఊళ్ళో అందరం బాబాయ్ అనేవాళ్ళం. ప్రతి ఆదివారం పొద్దున్నే వెళ్ళి పలక ఎక్కేవాణ్ణి. కడ్డీ మీద అంకెలు బాబాయ్ వైపుంటాయి, ఎక్కినవాడికి కనపడవు. బస్తాకి చూసుకోవాలన్న కోరిక ఉండదు కదా.

మా వైపు బస్తా అంటే డెబ్బై అయిదు కిలోలు. మొదటివారం బాబాయ్ "తొంభై నాలుగు" అనగానే, బస్తాలు మోసే ముఠాలో ఒకాయన బీడీ తీసి లెక్క కట్టాడు.

"ఒకటింబావు బస్తా వచ్చాడ్రోయ్."

"లోపలికి మొయ్యమంటావా బాబాయ్?" అన్నాడు ఇంకొకాయన.

"వద్దులే. దీనికి కాళ్ళున్నాయి, అదే వెళ్ళిపోద్ది."

రెండోవారం అంతే ఉన్నాను. మూడోవారం పలక ఎక్కేముందే నా మొహంలో రాజీనామా కనిపించి ఉండాలి. బాబాయ్ కాసేపు గుండు అటూ ఇటూ జరిపి "తొంభై మూడు" అన్నాడు. అక్కణ్ణించి చూడండి నా వైభవం. తొంభై రెండు, తొంభై, ఎనభై ఎనిమిది. పన్నెండోవారానికి ఎనభై ఆరు. అవనిగడ్డ నుంచి వచ్చిన మావయ్యకి నెయ్యి వల్ల కలిగే అనర్థాల గురించి ఉపన్యాసమిచ్చాను. పేంటు మాత్రం ఎప్పటిలాగే బిగుతుగా ఉండేది. ఉతికి ఉతికి గుడ్డే ముడుచుకుపోయిందని నేనూ అమ్మా ఏకాభిప్రాయానికొచ్చాం.

మూడు నెలలకి బందరు వెళ్ళి డాక్టరుగారి మిషను ఠీవిగా ఎక్కాను. తొంభై రెండు.

"మీ మిషను పాడైనట్టుందండీ," అన్నాను.

"పోయిన నెలే కొన్నానండీ," అన్నారాయన. మళ్ళీ పట్టీ చుట్టారు. "బానే ఉంది. రెండు కిలోలు తగ్గారు, బీపీ కూడా కాస్త దిగింది. ఇంకో మూడు నెలలు ఇలాగే చెయ్యండి. మధ్యలో మానేశారో, ఇక మాత్రే."

ఆయన శుభవార్త చెప్పారు. నాకది చావుకబురులా వినిపించింది. బస్టాండు దగ్గర పావుకిలో హల్వా కొని, ఎవరిమీద కక్షో తెలియకుండా నిలబడే తినేశాను. బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుని తీర్పు రాసుకున్నాను. నేటి నుంచి రెండు రోజులు పస్తు. మూడోరోజు ఏమవుతుందో నాకు బాగా తెలుసు. కానీ మూడోరోజు జడ్జీగారు కోర్టుకి రారు.

బస్సు దిగి తిన్నగా మిల్లుకెళ్ళాను.

"బాబాయ్, ఎనభై ఆరన్నావు. అక్కడ తొంభై రెండొచ్చింది."

ఆయన ఏమీ కంగారు పడలేదు. "తరుగు తీశాన్రా," అన్నాడు.

తరుగంటే, రైతు ధాన్యం తెచ్చినప్పుడు తేమకనీ తాలుకనీ మిల్లువాళ్ళు బస్తాకి కిలోనో రెండో తగ్గించి చెప్పడం. ఆ మాట వింటే మా వైపు రైతులకి ఒళ్ళు మండుతుంది. జీవితమంతా తరుగు తీసి తిట్లు తిన్న మనిషి, ఒక్కసారైనా తరుగు తీసి సంతోషపెడదామని నన్ను ఎంచుకున్నాడు.

"నాకు తరుగేంటి బాబాయ్?"

"బట్టలకీ చెప్పులకీ ఒక కిలో. నీ మొహం చూసి ఇంకో అరకిలో."

"మొహానికి అరకిలోనా?"

"మూడోవారం నువ్వు తొంభై నాలుగున్నర ఉన్నావురా. ఆ మాట చెబితే నాలుగోవారం వచ్చేవాడివా?"

నేను పలక మీద పడ్డ గింజల్ని చెప్పుతో పక్కకి తోశాను.

"రావు. రెండుసార్లు మొదలెట్టి మానేశావని ఊరందరికీ తెలుసు."

"ఆ వారానికి సరే. మరి ఆరు కిలోలేంటి?"

"ఒకసారి తగ్గించినవాణ్ణి మళ్ళీ ఎలా పెంచనురా? అలా పోయింది."

"అంటే కాటా అబద్ధం చెప్పింది."

"కాటాని ఏమీ అనకు. చెప్పింది నేను." తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. ఇప్పుడేదో సూక్తి వస్తుందని భయపడ్డాను. "నలభై ఏళ్ళుగా తడి ధాన్యం తూస్తున్నాను. రైతు నన్ను తిట్టాడు, నేను రైతుని తిట్టాను. ధాన్యాన్ని మాత్రం ఎవరం ఏమీ అన్లేదు. తీసుకెళ్ళి రెండు రోజులు ఆరబోసుకుని మళ్ళీ తెచ్చేవాళ్ళు. జరుగు, లోడొచ్చింది."

నేను జరగలేదు. పలక ఎక్కి, మెడ సాచి అంకెలు నేనే చూశాను. తొంభై రెండున్నర.

"ఆ అరకిలో ఎక్కడిదిరా?" అన్నాడు బాబాయ్.

"హల్వా."

"అరకిలో తిన్నావా?"

"పావే. మిగతాది మంచినీళ్ళు."

ఇంటికి నడుస్తుంటే ఒక సంగతి తట్టింది. ఈయన నాకు ఆరు కిలోలు వదిలేశాడు, అది మరీ ఎక్కువ. నాకు నేను ఒక్క బూరె కూడా వదలను, అది మరీ తక్కువ. అక్కడ డాక్టరుగారు నిక్కచ్చిగా తూచి, ఉన్నది ఉన్నట్టు చెప్పి, పైగా బావుందన్నారు. ముగ్గురిలో నా తీర్పే దరిద్రంగా ఉంది.

అమ్మ నా మొహం చూడగానే, "ఇవ్వాళ పస్తా?" అంది. పాత అనుభవం.

"కాదు. ఎన్ని చేశావు?"

"ఎనిమిది."

"మూడు పెట్టు. నూనె వెయ్యకుండా."

"డాక్టరుగారు తిట్టారా?"

"లేదమ్మా, మెచ్చుకున్నారు."

"మరి మొహం అలా ఉందేం?"

"అది మెచ్చుకోడమని ఇప్పుడే అర్థమైంది."

మూడు తిన్నాను. మర్నాడు పస్తులేదు కాబట్టి సాయంత్రం గట్టు మీద మామూలుగానే నడిచాను. అంతటి ఘోరం జరిగాక కూడా కాలవ అటువైపే పారుతోంది. ఆ తర్వాతి మూడు నెలల్లో గుడివాడలో ఒక పెళ్ళి వచ్చింది, నాగాయలంకలో చుట్టాలింట రొయ్యల వేపుడు వచ్చింది. రెండుచోట్లా తిన్నాను. రెండుసార్లూ మర్నాడు రోజూ తినేదే తిని, ఆదివారం వెళ్ళి పలకెక్కాను. ఒక వారం పెరిగాను, రెండు వారాలు తగ్గాను, ఒక వారం ఏమీ కాలేదు. ముఠావాళ్ళకి నా మీద ఆసక్తి పోయింది.

మళ్ళీ బందరు వెళ్ళేసరికి ఎనభై తొమ్మిది. డాక్టరుగారు పట్టీ విప్పి, కాగితం మీద ఏదో గీకి, "ఆరు నెలలకి రండి," అన్నారు. మాత్ర మాట ఆయన ఎత్తలేదు. నేనూ గుర్తుచెయ్యలేదు.