పోయిన రెండు లీటర్లు

వరద డ్యూటీకి వస్తూ మా ట్రక్కు మంగళగిరి దాటింది ఉదయం ఆరూ పదికి. వాన ఆగి పన్నెండు గంటలైంది. ఒక కాలేజీ మొదటి అంతస్తులో మా ఆర్మీ ఆసుపత్రి: పది మంచాలు, ఒక జనరేటరు, రక్తకణాలు లెక్కపెట్టే చిన్న యంత్రం. నేను నర్సింగ్ హవల్దారును. సెలైన్, రక్తం ఎక్కించడం నా పని. చదివింది పదో తరగతే. లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. వాటి మీద గట్టి నమ్మకం.

మూడో రోజు పదకొండున్నరకు చేపలు పట్టే ఒకాయన్ని పడవలో తెచ్చారు. కొట్టుకొచ్చిన ఇనపరేకు తగిలి తొడ చీలిపోయింది. బీపీ అరవై. ప్లేట్‌లెట్లు రెండు లక్షల పదివేలు.

"స్పీడుగా ఎక్కించు. బీపీ తొంభైకి రాగానే తగ్గించెయ్," అన్నారు డాక్టర్ మేజర్, గాయంలో గాజుగుడ్డ అదుముతూ.

పదకొండూ యాభై రెండుకు తొంభై వచ్చింది. డ్రిప్ చక్రం మీద చెయ్యి వేశాను. పడవలో వెంట వచ్చిన అతని భార్య నా మోచెయ్యి పట్టుకుంది.

"తగ్గించమాకండి బాబూ. రక్తమంతా పోయిందండీ."

నా లెక్కా అదే చెప్పింది. పోయింది రెండు లీటర్ల పైనే, ఎక్కించింది లీటరున్నర.

"తొంభై వచ్చిందా?" అన్నారు మేజర్.

"వస్తోంది సర్."

చక్రం పూర్తిగా తిప్పాను. చుక్కలు ధార అయ్యాయి.

పన్నెండూ ఇరవైకి గాజుగుడ్డ మళ్ళీ తడిసింది. సూది గుచ్చిన చోటా కారుతోంది. యంత్రం చీటీ మీద ప్లేట్‌లెట్లు అరవై రెండు వేలు. నమ్మలేక మళ్ళీ పరీక్ష చేశాను. అరవై ఒకటి.

"ఎంత ఎక్కించావ్?" అన్నారు మేజర్, చీటీ చూసి.

"నాలుగు లీటర్లు సర్."

"బ్యాగుల్లో ఉన్నవి ఎర్రకణాలు. సీసాల్లో ఉప్పునీళ్ళు. రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు రెంటిలోనూ లేవు. ఒంట్లో కొత్తవి పుట్టేలోపు ఉన్నవాటిని పలచన చేసేశావ్."

అరవలేదు. అరిచినా బాగుండేది.

వెంటనే విజయవాడ బ్లడ్ బ్యాంకు దగ్గరున్న మా జవానుకు వైర్‌లెస్‌లో చెప్పారు. పావు తక్కువ ఒంటిగంటకు అతని గొంతు వినబడింది: "బెంజ్ సర్కిల్ దాటాం. ప్లేట్‌లెట్లు నాలుగు బ్యాగులు. ఐస్‌లో పెట్టలేదు, గడ్డకట్టకుండా చెప్పినట్టే ఊపుతున్నా. మా పిల్లాణ్ణి కూడా ఇంతసేపు ఊపలేదు. ఓవర్."

ఒకటీ ఐదుకు చేరాయి. ఒక్కోటి ఇరవై నిమిషాల్లో ఎక్కించాను. మూడున్నరకు తొంభై నాలుగు వేలు. కారడం ఆగింది.

ఆయన భార్య నాకు దణ్ణం పెట్టింది. "మీరు ఆపకుండా ఎక్కించబట్టే బతికాడండీ."

నేను ఖాళీ బ్యాగులు ఏరి పక్కన పెట్టాను.

పదకొండో రోజు వెనక్కి వెళ్ళిపోయాం. ఆర్మీ నుంచి రిటైరై ఇప్పుడు ఆటోనగర్‌లో విడిభాగాల గోడౌన్ చూస్తున్నాను. రోజంతా లెక్కలే. ఏ అంకె వేస్తున్నా ఆ గాజుగుడ్డ కళ్ళ ముందుకు వస్తుంది. మొదట చిక్కటి ఎరుపు. తర్వాత, చక్రం మీద నా చెయ్యి ఉండగానే, కుంకుమ కడిగిన నీళ్ళ రంగు.