స్తంభం పక్క సీటు

లారీల కాటా దగ్గర ఆయన గుమాస్తా. వారంలో ఆరు రోజులూ చిన్న గదిలో కిటికీ ముందు కూర్చుంటాడు. లారీ వచ్చి ఇనుప పలక మీద నిలబడగానే ముల్లు ఎక్కడ ఆగిందో చూసి చీటీ రాసిస్తాడు. డ్రైవర్లు బతిమాలతారు, వాదిస్తారు, ఒక్కోసారి కళ్లెర్రజేస్తారు. అందరికీ ఆయన జవాబు ఒకటే: "నాతో ఎందుకయ్యా గొడవ? కాటా అబద్ధం చెప్పదు." ఇరవై ఏళ్లుగా ఆ మాట అని అని నోరు అలిసిపోయింది గానీ నమ్మకం మాత్రం అలిసిపోలేదు.

ఏడో రోజు ఆయన ఫుట్‌బాల్ మైదానంలో ఉంటాడు. ఊరి జట్టు సొంతగడ్డ మీద ఆడే ప్రతి మ్యాచ్‌కూ రూళ్ల పుస్తకం పట్టుకెళ్లి గీతలు గీస్తాడు. ఎవరు బంతి సరిగ్గా అందించారు, ఎవరు పోగొట్టుకున్నారు, ఎవరు ఎదుటివాడి కాళ్ల దగ్గర నుంచి లాక్కున్నారు, అన్నిటికీ గీతలే. నాలుగు నిలువు గీతలు, వాటి మీద అయిదోది అడ్డంగా. పద్దెనిమిదేళ్ల పుస్తకాలు క్లబ్బు బీరువాలో దుమ్ము తింటున్నాయి. జీతం లేదు, భత్యం లేదు, ఒక ఉచిత సీటు మాత్రం ఉంది. ఆటగాళ్లు ఆయన్ని గీతల బాబాయ్ అంటారు.

ఆ సీటు పై వరసలో ఇనుప స్తంభం పక్కన ఉంటుంది. మిగతావాళ్లు స్తంభం అడ్డమని అక్కడ కూర్చోరు. ఈయన మాత్రం కోరి ఎంచుకున్నాడు. స్తంభానికి మోచేతి ఎత్తున చిన్న ఇనుప దిమ్మ ఉంది, పుస్తకం ఆనించుకోవడానికి సరిగ్గా సరిపోతుంది. వాన జల్లు కూడా కొట్టదు. స్తంభం వెనకాల ఏం జరిగినా, మెడ కాస్త వంచితే కనపడిపోతుంది. ఆ మెడ వంచడం పద్దెనిమిదేళ్ల అలవాటు.

జట్టు సంగతి చెప్పుకుంటే సిగ్గు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. వీళ్లు రెండూ వదిలేసి నిశ్చింతగా ఉన్నారు. ఒక ఏడైతే ఇరవై రెండు మ్యాచ్‌లాడి మూడే గెలిచారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఒకడు గడ్డిని తిట్టేవాడు, ఇంకొకడు బూట్లను తిట్టేవాడు. పట్టికలో జట్టు పేరు చూడాలంటే పైనుంచి వెతకడం అనవసరం, కింది నుంచి మొదలుపెడితే పని తొందరగా అయిపోయేది.

రెండేళ్ల కిందట కొత్త కోచ్ వచ్చాడు. బీరువా తెరిచి, ఆ పుస్తకాలు చూసి, "ఇంత బంగారం పెట్టుకుని ఇన్నాళ్లూ ఓడిపోతున్నారా?" అన్నాడు. అప్పటి నుంచి ప్రతి మ్యాచ్ తర్వాత గీతల బాబాయ్ అంకెలు కాగితం మీదికెక్కి, ఆటగాళ్లు బట్టలు మార్చుకునే గది గోడకు అతుక్కునేవి. పదహారేళ్లు ఎవరూ అడగని మనిషిని ఇప్పుడు కోచ్ కుర్చీ వేసి కూర్చోబెడుతున్నాడు. ఆయనకు లోలోపల సంతోషం వేసింది. ఎందుకు వేయదు?

సరిగ్గా ఆ ఏడాదే ఆయన మెడ పట్టేసింది. కిటికీలోంచి ముల్లు చూసీ చూసీ ఎముకలు అరిగాయని డాక్టరు చెప్పి, మెడకు పట్టీ వేశాడు. అది వేసుకుంటే తల తిప్పాలన్నా ఒళ్లంతా తిరగాలి.

ఈ ఏడు ఆఖరున కోచ్ పిలిచి అడిగాడు. "బాబాయ్, వచ్చే ఏటికి ముగ్గుర్ని వదిలేయమంటోంది క్లబ్బు. మీ లెక్కలు ఏం చెబితే అదే."

ఇద్దరి పేర్లు రాయడానికి ఆలోచించాల్సిన పని లేకపోయింది. మూడో పేరు దగ్గర ఆయన కలం ఆగింది. గోల్ ముందు ఎడమ వైపు కాపలా ఉండే ఆటగాడు, లెఫ్ట్ బ్యాక్. పదకొండేళ్లుగా అదే జట్టు. జనం అతన్ని "తలుపు" అంటారు. ఎదుటివాడు దూసుకొస్తుంటే "తలుపు వెయ్!" అని స్టాండంతా అరుస్తుంది. భార్యా, ఇద్దరు పిల్లలూ, ముప్పై నాలుగేళ్ల వయసు. ఇక్కడ వదిలేస్తే ఇంకెవరూ తీసుకోరు. కానీ అంకెలు చూస్తే, రెండేళ్లుగా మొదటి సగంలో మనిషి నిద్రపోతున్నాడు. రెండో సగంలో అయిదుసార్లు బంతి లాక్కునేవాడు మొదటి సగంలో ఒక్కసారి లాక్కుంటే గొప్ప. "ఆలస్యంగా వేడెక్కుతున్నాడు, వయసు" అని పక్కన రాసి, నిట్టూర్చి, కాగితం ఇచ్చేశాడు. కాటా అబద్ధం చెప్పదు కదా.

తర్వాతి ఆదివారం మెడ నొప్పి మరీ ఎక్కువైంది. తల పైకెత్తి చూడటం, కిందికి దించి రాయడం రెండూ కుదరడం లేదు. ఇల్లాలు ఫ్లాస్కులో టీ పోసుకుని వెంట వచ్చింది. ఆమెకు ఆట తెలియదు, తెలుసుకోవాలన్న సరదా కూడా లేదు.

"మీరు చెప్పండి, నేను గీస్తాను. తొందరగా అయిపోతే ఇంటికెళ్లి నడుం వాలుస్తాను," అని ఆయనకు కుడి పక్కన రెండు సీట్లు వదిలి, ఎండ తగిలే చోట కూర్చుంది.

ఆట మొదలైన పావుగంటకు ఆమె పెన్సిలు ఎత్తి అడిగింది. "ఏమండీ, తలుపుకి గీత పెట్టనా?"

"ఎందుకు?"

"ఇప్పుడేగా ఆ ఎర్ర చొక్కావాడి దగ్గర బంతి లాగేశాడు?"

"ఎక్కడ?"

"అదిగో, ఆ గడియారం కింద మూల."

ఆయన చూశాడు. మూల లేదు, స్తంభం ఉంది. ఒళ్లంతా తిప్పి, సీటులోంచి సగం లేచి చూశాడు. అప్పుడు కనపడింది మూల, అందులో నిక్కరు దులుపుకుంటూ లేస్తున్న లెఫ్ట్ బ్యాక్.

మొదటి సగం అయ్యేసరికి ఆమె పుస్తకంలో తలుపుకి ఆరు గీతలున్నాయి. అందులో ఆయన కళ్లారా చూసింది ఒక్కటి.

ఆ జట్టుకొక అలవాటుంది. ఎప్పుడో కప్పు గెలిచిన రోజున మొదటి సగం గడియారం వైపు గోల్ కాపాడారట. అప్పటి నుంచీ సొంతగడ్డ మీద ఎప్పుడూ అదే వైపు, వచ్చిన జట్లు కూడా కాదనవు. అంటే రెండేళ్లుగా ప్రతి మ్యాచ్‌లో, సరిగ్గా మొదటి సగం, తలుపు ఆ స్తంభం వెనకాలే ఉన్నాడు.

మర్నాడు పొద్దున్నే బీరువా తీయించి పాత పుస్తకాలు తిరగేశాడు. మెడ పట్టీకి ముందు, మొదటి సగం అయిదు, రెండో సగం అయిదు. మెడ పట్టీ తర్వాత ఒకటి, అయిదు. ఇంకో పేజీ కూడా కనపడింది. రెండో సగంలో అదే మూలలో దాడికి వెళ్లే కుర్రాడి గురించి "సగం ఆటకే దమ్ము అయిపోతుంది" అని తనే రాశాడు. ఆ కుర్రాణ్ణి పోయిన ఏడే పంపేశారు. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటూ రెండేళ్లు ఊరేగిన మనిషి పుస్తకం మూసేశాడు. ఎవరి వయసు కొలిచాడు తను?

కోచ్ అంతా విని నుదురు రుద్దుకున్నాడు.

"కాగితం పైకి పంపేశాను బాబాయ్. వెనక్కి తెప్పిస్తాను, అదేం పెద్ద పని కాదు. కానీ మొన్ననే అతనే వచ్చి, వదిలేయండి, నేనే వెళ్లిపోతానన్నాడు."

లెఫ్ట్ బ్యాక్ బట్టల గదిలో ఒంటరిగా బల్ల మీద కూర్చుని మడమకు పట్టీ చుట్టుకుంటున్నాడు. ఎదురుగా గోడ మీద కాగితం. గీతల బాబాయ్ నిలబడే చెప్పాడు. స్తంభం, మెడ, పుస్తకాలు, ఏదీ దాచలేదు. అతను పట్టీ చుట్టడం ఆపి విన్నాడు.

"అదా సంగతి," అన్నాడు చివరికి. "మొదట్లో నాకు కోపం వచ్చేది బాబాయ్. ఆపానుగా, నాకు గుర్తుందిగా అనుకునేవాణ్ణి. తర్వాత అనుకున్నా, నాకు నా మీద ప్రేమ ఉంటుంది, ఆయనకేం? ఆయన అంకె అబద్ధం చెప్పదు. నాకు తెలియకుండానే నెమ్మదించానేమో అని భయం పట్టుకుంది."

"తప్పు నాది నాయనా. ఇంకా ఒక మ్యాచ్ ఉంది. ఈసారి మైదానం గీత పక్కనే స్టూలు వేసుకుని కూర్చుంటాను. అంతా రాస్తాను. నీ చోటు నీకు వస్తుంది."

అతను అలసటగా నవ్వాడు. "మా బావగారి టైర్ల షాపులో వచ్చే సోమవారం చేరతానని చెప్పాను. సరే, చూద్దాం."

ఆఖరి మ్యాచ్‌కు గీతల బాబాయ్ గడియారం మూలలోనే, సున్నపు గీతకు రెండడుగుల దూరంలో కూర్చున్నాడు. ఇల్లాలు పక్కనే ఉంది. మధ్యలో ఏ అడ్డమూ లేదు. ఎదుటివాడు బంతితో వచ్చాడు. లెఫ్ట్ బ్యాక్ ముందుకు ఒక అడుగు వేశాడు, రెండో అడుగు వేయబోయి ఆగాడు. ఆ ఆగడం రెప్పపాటే, కానీ అవతలివాడికి అది చాలు. మళ్లీ అలాగే జరిగింది. మళ్లీ. జనం అరుస్తున్నారు. అతను వెళ్లాలా వద్దా అని తన కాళ్లనే అడుగుతున్నట్టు చూస్తున్నాడు.

మొదటి సగం అయ్యేసరికి ఒక్క గీత. ఈసారి అది నిజమైన ఒకటి.

ఇల్లాలు పుస్తకం ఆయన ముందుకు జరిపింది. "ఇంకో నాలుగు గీసేయండి. ఎవరు చూడొచ్చారు? మీరు తినేసినవేగా అవి."

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. పెన్సిలు పట్టుకున్నాడు గానీ గీయలేకపోయాడు. అతనికి తెలుస్తుంది. ఆ మూలలో ఏం జరిగిందో ఇప్పుడు అతనికీ తనకూ, ఇద్దరికీ తెలుసు.

ఆ సాయంత్రం కోచ్‌కు కొత్త కాగితం ఇచ్చాడు. కోచ్ చదివి తలెత్తాడు.

"ముగ్గురి పేర్లు అడిగితే, మూడోది మీ పేరు రాశారేంటి?"

"రెండేళ్లుగా అతన్ని ఓడించింది నేనే బాబూ," అన్నాడాయన. పుస్తకం బల్ల మీద పెట్టి బయటికొచ్చాడు.

కోచ్ లెఫ్ట్ బ్యాక్‌కు ఇంకో ఏడాది ఇస్తానని కబురు పంపాడు, రెండుసార్లు పంపాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? అతను సోమవారం టైర్ల షాపులో చేరాడు.

గీతల బాబాయ్ ఇప్పుడు ఉత్త కాటా బాబాయే. అయితే పనిలో ఒక కొత్త చాదస్తం పట్టుకుంది. లారీ పలక మీదికెక్కగానే చీటీ రాయడు. గదిలోంచి బయటికొచ్చి, మెడ పట్టీతో ఒళ్లంతా తిప్పుకుంటూ, లారీ చుట్టూ నడిచి, ప్రతి చక్రమూ పలక మీద ఉందో లేదో వంగి చూస్తాడు. వెనకాల లారీలు ఆగిపోతాయి, హారన్లు మోగుతాయి.

మొన్నొక పాత డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి విసుక్కున్నాడు. "పదేళ్లుగా వస్తున్నాను బాబాయ్, ఇంకా నామీద నమ్మకం లేదా?"

"నీమీద కాదు నాయనా," అని ఆయన అవతలి వైపు చక్రాలు చూడటానికి వెళ్లాడు.