వెనక నుంచి వచ్చే చప్పుడు

2022 జూన్ నెల. కాల్గరీ నుంచి పడమరగా కారులో గంటకు పైగా వెళ్తే రాకీ కొండల మొదట్లో ఒక చిన్న ఊరు వస్తుంది. అక్కడ సైకిళ్ళు అద్దెకిచ్చే షాపులో నేను అప్పటికి కొన్నేళ్ళుగా పనిచేస్తున్నాను. మా నాన్నకి తెనాలిలో సైకిల్ షాపు ఉండేది. ఏడో తరగతితో చదువు ఆగిపోయాక పెళ్ళయ్యేదాకా నా కాలమంతా అక్కడే గడిచింది. మా ఆయనకి ఇక్కడి హోటల్ వంటగదిలో పని దొరికితే ఆయన వెంట వచ్చాను. షాపు యజమాని గ్లెన్ అనే పెద్దాయన నా ఇంగ్లీషు సంగతి పట్టించుకోలేదు. ఒక పంక్చర్ వేయమని చెప్పి, వేశాక "రేపట్నుంచి వచ్చెయ్" అన్నాడు. ఆ మనిషికి ఇప్పటికీ మనసులో దణ్ణం పెట్టుకుంటూనే ఉంటాను.

మా దగ్గర ఎక్కువగా పోయేవి గ్రావెల్ బైకులు. గ్రావెల్ అంటే కంకర. చూపుకి రేసు సైకిల్లాగే హ్యాండిల్ వంగి ఉంటుంది కానీ టైర్లు వెడల్పు. రాళ్ళ మీద పట్టు దొరకాలని గాలి కాస్త తక్కువ పెడతాం. మనవాళ్ళు ఎవరొచ్చినా ముందు బొటనవేలితో టైరు నొక్కి "గాలి లేదండీ, కొట్టండి" అంటారు. వాళ్ళకి చెప్పి ఒప్పించేసరికి నా తల ప్రాణం తోకకొస్తుంది.

ఈ సైకిళ్ళు తీసుకుని జనం వెళ్ళేది కొండల్లోని పాత బొగ్గు గనుల రోడ్ల మీదికి. గనులు ఎప్పుడో మూతబడ్డాయి, రోడ్లు మిగిలాయి. కార్లు రాకుండా మొదట్లోనే గేటు వేసి తాళం పెట్టారు, పక్కన సైకిల్ పట్టేంత సందు ఉంటుంది. ఒక పక్క ఏరు, ఇంకో పక్క పైన్ చెట్లు, పైన జూన్‌లో కూడా కరగని మంచు. సైకిళ్ళనీ మనుషుల్నీ వ్యాన్‌లో గేటు దాకా తీసుకెళ్ళి, తిరిగొచ్చేదాకా కాచుకుని ఉండడం నా పని. దాన్ని షటిల్ అంటారు.

ఆ రోజు పొద్దున్నే ఒక జంట వచ్చారు. ఆవిడ గుమ్మం దగ్గరే ఆగిపోయారు. ఆయన లోపలికొచ్చి నన్ను ఎగాదిగా చూసి, "అక్కా, తెలుగేనా?" అన్నారు.

"తెనాలి తెలుగు. మీరు?"

"నాది వరంగల్. ఆమెది ఏలూరు. మేం కాల్గరీలో ఉంటం." ఆ తరవాత గొంతు తగ్గించారు. "రెండేళ్ళ కింద రోడ్డు మీద సైకిల్ తొక్కుతుంటే ఆమెను వెనక నుంచి కారు గుద్దింది. ఎముకలు అతుక్కున్నయి, భయం మాత్రం పోలే. రెండుసార్లు ఎక్కి ఏడ్చుకుంట దిగింది. ఈసారి కూడా కాకుంటే సైకిల్ అమ్మేద్దామంటుంది. అంతకుముందు ఆమె సైకిల్ దిగితే కద అక్కా! నేను ఆఫీసుల ఉంటే, ఆమె ఏ చెరువు పక్కనుంచో ఫొటో పంపుతుండె."

ఆయన పేరు మురళి, ఆవిడ శైలజ. నాకు ఆవిడ వైపు చూడాలంటే కష్టమనిపించింది. ఇష్టమైన పని చేయలేకపోవడం ఎలా ఉంటుందో మనిషి నిలబడ్డ తీరులోనే తెలిసిపోతుంది.

"కారన్నదే రాని రోడ్డుంది, అక్కడికి తీసుకెళ్తాను" అని గొప్పగా చెప్పాను.

గేటు దగ్గర దిగాక శైలజ గారు తాళాన్ని చేత్తో పట్టుకుని చూశారు.

"నిజంగా కార్లు రావా అండీ?"

"రావమ్మా. తాళంచెవి మా గ్లెన్ దగ్గర కూడా లేదు."

"మరి ఎలుగుబంట్లు?"

"అవి వస్తాయి."

"పోనీలెండి, అవి వెనక నుంచి హారన్ కొట్టవుగా" అని నవ్వారు. ఆ రోజు ఆవిడ నవ్వడం అదే మొదలు. నేను బేర్ స్ప్రే ఇచ్చాను. మిరప ఘాటు నింపిన డబ్బా అది, ఎలుగు మీదికొస్తే కొట్టాలి. దానికంటే ముఖ్యమైంది నోరు. మనుషులు వస్తున్న అలికిడి వింటే ఎలుగులే తప్పుకుంటాయి, అందుకని గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్ళమని చెబుతాం.

ఆవిడ ముందు, ఆయన వెనక బయల్దేరారు. నేను ఫ్లాస్కులోంచి టీ ఒంపుకుని, మనసులో దేవుణ్ణి తలుచుకుంటూ కూర్చున్నాను. టీ సగం తాగానో లేదో, ఇద్దరూ సైకిళ్ళు నడిపించుకుంటూ వచ్చేశారు. ఆవిడ మొహం పాలిపోయి ఉంది.

"నా వల్ల కాదండీ. వెనకాల ఏదో వస్తున్నట్టే ఉంటుంది. తిరిగి చూస్తాను, హ్యాండిల్ తిరిగిపోతుంది, పడబోతాను."

"గేటుకి తాళముందిగా తల్లీ."

"నాకు తెలుసండీ. నా చెవులకి తెలియదే!"

ఇంకో కప్పులో టీ పోసి ఇచ్చాను. ఇంతలో మురళి గారు తన సైకిల్ వ్యాన్‌లో పెడదామని మా వెనక నుంచి నెట్టుకొచ్చారు. టైరు కింద కంకర కరకరలాడింది. టీ కప్పు పట్టుకున్న శైలజ గారి భుజాలు రెండూ ఒక్కసారి పైకి లేచాయి. టీ చేతి మీద ఒలికింది. ఆవిడ అది కూడా గమనించలేదు.

నేను ఆ చప్పుడుని మనసులో మళ్ళీ విన్నాను. కళ్ళు మూసుకుని వింటే, రోడ్డు పక్కన కంకర మీదికి కారు దిగుతున్నప్పుడు వచ్చే చప్పుడూ అదే.

"సార్, దారంతా మీరు వెనకే ఉన్నారా?" అని అడిగాను.

"వెనకే ఉన్న అక్కా. వదిలిపెడ్తనా?" అని ఆయన ఆగారు. "ఆ రోజు నేను ముందున్న. ముచ్చట పెట్టుకుంటనే తొక్కుతున్న. జవాబు రాలే. తిరిగి చూస్తే ఆమె కాల్వల పడి ఉంది. అప్పటిసంది ఆమె ముంగట నడుస్తలేను. మాల్‌కు పోయినా వెనకనే."

ఆ మాట ఆవిడ కూడా మొదటిసారి వింటున్నట్టుంది. కప్పు వ్యాన్ మీద పెట్టేశారు.

"అందుకా? నేను షాపింగంటే విసుగనుకున్నాను. ఆ రోజు మీరు వెనక ఉంటే మీకూ తగిలేది కదండీ!"

"తగిలితే తగిలేది."

"బావుంది! ఇద్దరం కాలవలో పడుంటే అంబులెన్సుకి ఎవరు ఫోన్ చేసేవాళ్ళు?" అన్నారు ఆవిడ. అని, తన సైకిల్‌ని మళ్ళీ రోడ్డు వైపు తిప్పి, "మీరు ముందెళ్ళండి" అన్నారు.

"శైలూ, వెనక ఎవ్వరు లేకుండనా?"

"వెనక వచ్చే చప్పుడు మీ టైరుదేనని తెలిసినా నా ఒళ్ళు వినట్లేదు. ముందుంటే మీరు నాకు కనబడతారు. నేనున్నానో లేదో మీకు తెలియాలంటే మాట్లాడుతూనే ఉంటాను. ఎలుగులకి కూడా పనికొస్తుంది."

ఆయన సైకిలెక్కడానికి చాలాసేపు పట్టింది. ఎక్కి, ఒక కాలు నేల మీదే ఉంచి వెనక్కి చూస్తూ ఉండిపోయారు. నాకు అప్పుడు తెలిసింది, ఆ రోజు భయపడి వచ్చింది ఒక్కరు కాదని. చివరికి ఆవిడే "పదండి మహానుభావా" అని అదిలించారు. వెళ్ళారు. మలుపు తిరిగారు. మాట కొంత దూరం వినబడి, ఏటి హోరులో కలిసిపోయింది.

నేను వ్యాన్ తుడిచాను. తుడిచిందే మళ్ళీ తుడిచాను. మంచు మీద ఎండ బాగా పరుచుకుంది. వాళ్ళు రాకపోయేసరికి మొదట సంతోషించాను, ఆ తరవాత కంగారుపడ్డాను. ఫోన్ చేద్దామంటే ఆ లోయలో సిగ్నల్ ఉండదు.

మనుషులకంటే ముందు గొంతు వచ్చింది.

"...అదొక్కటేనా? మా తమ్ముడి పెళ్ళిలో మీరు భోజనాల దగ్గర అలిగి కూర్చున్నది మర్చిపోయాననుకున్నారా? వింటున్నారా?"

"ఇంటున్న తల్లీ, ఇంటున్న!"

మలుపులో ముందు మురళి గారు, కాస్త ఎడంగా శైలజ గారు. ఆవిడ మొహం ఎర్రగా కంది ఉంది. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. గేటు దగ్గర బ్రేకు వేసి, దిగకుండా హ్యాండిల్ మీదే వాలి ఊపిరి పీల్చుకున్నారు.

"అక్కా, ఎలుగుబంట్లు జిల్లా దాటిపోయినయి" అన్నారు మురళి గారు. "పదిహేనేళ్ళ కాపురం మొత్తం ఇనిపించింది."

ఆవిడ ఆయన మాట పట్టించుకోలేదు. బొటనవేలితో ముందు టైరు నొక్కుతూ, "ఏవండీ, మా ఇంట్లో ఉన్న సైకిల్‌కి ఇలాంటి టైర్లు పడతాయా?" అని నన్ను అడిగారు.

ఆయన గబుక్కున ఏటి వైపు తిరిగిపోయారు. "ఒకసారి తీసుకురండి, చూద్దాం" అన్నాను.

తీసుకొచ్చారు కూడా. పట్టాయి.

నాకు ఆ ఇద్దరంటే ఎంతో కృతజ్ఞత. అంతకుముందు ఎవరైనా భయంతో వస్తే రోడ్డు ఎంత మంచిదో చెప్పేదాన్ని. తోడుంటే చాలు, భయం పోతుందనుకునేదాన్ని. తోడు ఎటు ఉండాలో కూడా అడగాలని వాళ్ళ వల్లే నేర్చుకున్నాను. ఇప్పుడు గేటు దగ్గర సైకిళ్ళు దించగానే, "మీవాళ్ళు ముందుండాలా, వెనకుండాలా, పక్కనా?" అని అడుగుతాను. కొందరు టక్కున చెప్పేస్తారు. కొందరు మాత్రం వెంటనే చెప్పలేక, కాసేపు తమవాళ్ళ మొహం చూస్తూ నిలబడతారు. వాళ్ళు తేల్చుకునేదాకా నేను ఫ్లాస్కు మూత తీసి, టీ ఒంపుకుంటూ ఆగుతాను.