కాడుపాప ఉండే చోటు

ఈ ప్రయాణం మా స్టాఫ్ రూములో మొదలైంది. చిక్కబళ్ళాపురం కొత్తగా జిల్లా కేంద్రమైన రోజులవి. మా బడిలో నేను సైన్సు చెబుతాను, రెడ్డెప్ప మేష్ట్రు కన్నడం చెబుతారు. ఆయన సొంతూరు బాగేపల్లి దాటాక చేలూరు దారిలో ఒక పల్లె. అక్కడ ఉన్న చింతతోపు కొట్టించి, పట్టుపురుగులకు మల్బరీ నాటాలని ఆయన ఆశ. వాళ్ళమ్మ గంగులమ్మ మాత్రం చెట్ల మీద గొడ్డలి పడనివ్వడం లేదు.

"తోపులో దేవాంగపిల్లి ఉండాది మేడం. కన్నడంలో దాన్ని కాడుపాప అంటారు, అడివిలో పాప అని. మాయమ్మ దాన్ని తెలుగులో అర్థం చేసుకునింది" అన్నారాయన.

దేవాంగపిల్లంటే పగలు నిద్రపోయి, రాత్రిళ్ళు చెట్ల మీద మెల్లగా తిరిగే పెద్ద కళ్ళ చిన్న జంతువు. కన్నడంలో కాడంటే అడవి. తెలుగులో కాడంటే శ్మశానం. ఊరి పిల్లలందరికీ కన్నడం నేర్పే మనిషి ఇంట్లోనే ఒక కన్నడ మాట ఇలా బోల్తా కొట్టిందా అని నాకు నవ్వొచ్చింది.

ఆయన నవ్వలేదు. "నాకంటే ముందు ఒక ఆడబిడ్డ పుట్టి పోయింది. తోపు పక్కనే మా కాడు, ఆడే పెట్టినారు. ఆ బిడ్డే చెట్ల మీద తిరుగుతాండాదని మాయమ్మ నమ్మకం. మీరు సైన్సోళ్ళు. అది ఉట్టి జంతువని మీరు చెబితే వింటుంది" అన్నారు. నా నవ్వు ఆగిపోయింది. సరే, వస్తానన్నాను.

ఆదివారం పొద్దున ఏడింటికి బాగేపల్లి బస్సెక్కాను. మీరెవరైనా ఈ దారిన వెళితే కిటికీ సీటు వదులుకోకండి. పేరేసంద్ర దాటాక బండరాళ్ళ గుట్టలు చూడ్డానికి చాలా బాగుంటాయి. బాగేపల్లిలో బస్టాండు ఎదుట హోటల్లో ఇడ్లీ తినండి, కాఫీ మాత్రం ఇంటికొచ్చి తాగండి. రెడ్డెప్ప మేష్ట్రు ముందురోజే ఊరికి వెళ్ళారు కాబట్టి, చేలూరు ప్రైవేటు బస్సులో నేనొక్కదాన్నే కూర్చున్నాను.

పక్క సీట్లో ఒక పెద్దాయన ఎందుకెళ్తున్నావని అడిగాడు. చెప్పాను.

"దేవాంగపిల్లిని చూసేదానికా? పని లేదామ్మా నీకి? మా చిన్నప్పుడు ప్రతి తోపులో ఉండేవి. ఇప్పుడు యాడుండాయి!"

ఆయన విసుక్కున్నా, అడిగింది మంచి ప్రశ్నే. ఈ జాతి మన దక్షిణాదిలోనూ సింహళంలోనూ తప్ప లోకంలో ఇంకెక్కడా లేదు. సముద్రం బాగా దిగిపోయిన పాతకాలాల్లో ఆ రెంటి మధ్యా నేల తేలి ఉండేది, అందుకే రెండు చోట్లా ఉంది. అంత దూరం వెళ్ళగలిగిన జంతువు ఇప్పుడు ఈ తోపు నుంచి ఆ తోపుకు వెళ్ళలేకపోతోంది. దానికి దూకడం రాదు. ఒక కొమ్మ వదలకముందే ఇంకో కొమ్మ చేతికి అందాలి. కొమ్మలు తెగిన చోట దాని దేశం అయిపోతుంది. కిటికీలోంచి చూస్తే చేను తర్వాత చేను, నడుమ ఎక్కడో ఒంటరి చెట్టు. పెద్దాయన కునుకు తీస్తున్నాడు, లేపి మరీ పాఠం చెప్పలేదు.

పదింటికల్లా ఊళ్ళో దిగాను. గంగులమ్మ మజ్జిగ ఇచ్చి, నేను గ్లాసు కింద పెట్టకముందే "రామ్మా, పండుకోనుండాది, ఇప్పుడే చూడల్ల" అని తోపులోకి నడిచింది. రెడ్డెప్ప మేష్ట్రు మా వెనకాల వచ్చారు. చింతకొమ్మల మీద తీగలు దట్టంగా అల్లుకున్న చోట ఆమె ఆగి, వేలు చూపించకుండా గడ్డంతో చూపించింది. బూడిదరంగు ఉండ ఒకటి కనిపించింది. తల పొట్టలోకి ముడుచుకొని నిద్రపోతోంది. ఒక్క చెయ్యి మాత్రం కొమ్మను పట్టుకుని ఉంది. ఆ సన్నని వేళ్ళకు గోళ్ళున్నాయి, అచ్చం పురిటిబిడ్డ గోళ్ళే.

వెనక మేష్ట్రు దగ్గారు. చెప్పమని సైగ. ఇష్టం లేకుండానే నోరు తెరిచాను.

"అమ్మా, కన్నడంలో కాడు అంటే..."

"అడివి" అంది గంగులమ్మ. "నలబై ఏండ్లుగా ఈడ ఉండాను, ఆ మాత్రం తెలీదా? కదిరి నుంచి కొత్తకోడలుగా వచ్చినప్పుడు తెలీదు. బిడ్డను మన్నులో పెట్టిన నెలకే ఎవరో దీన్ని చూపించి కాడుపాప అన్నారు. నా బిడ్డే అనుకున్యా. ఆ మాటకి అర్థం తెలిసేతలికి నా మనసు కుదురుకునింది. పేరు పెట్టకముందే పోయిందమ్మా అది. పిలుచుకోను ఒక పేరుండల్ల గదా!"

"మరి నాకెందుకు చెప్పలేదుమా?" అన్నారు మేష్ట్రు.

"నువ్వు మేష్ట్రువి గదప్పా. తప్పని దిద్దేస్తావని చెప్పలే."

ఆయన తల వంచుకున్నారు. ఆమె కొడుకు భుజం మీద చెయ్యేసింది. నేను చెట్టు వైపు చూస్తూ నిలబడ్డాను.

మధ్యాహ్నం సంగటి, అనపగింజలు నానబెట్టి తొక్క తీసిన పితికిపప్పు పులుసు. చలికాలంలో వెళ్ళినవాళ్ళు ఈ పులుసు తినకుండా రాకూడదు. తర్వాత బస్సు దాకా సాగనంపుతూ రెడ్డెప్ప మేష్ట్రు తోపు అంచున ఆగారు. తోపుకూ కాటిలోని చెట్లకూ మధ్య ఖాళీ ఉంది.

"మేడం, ఈడ ఏం నాటితే కొమ్మలు కలుస్తాయి?"

"కానుగ నాటండి" అన్నాను.

"సరే. మల్బరీ ఆ పక్క చేన్లో పెట్టుకుంటా" అన్నారు.

తిరుగు ప్రయాణం చింతామణి మీదుగా. అక్కడ బస్సు మారాలి. చిక్కబళ్ళాపురం బస్సులో టమాటా బుట్టల మధ్య చోటు దొరికింది. ఏ జంతువు ఎక్కడ ఎందుకుంటుందని పిల్లలడిగితే వానలు, వేడి, చెట్లు, సముద్రాలు అని చెబుతుంటాను. ఇకముందూ అదే చెబుతాను. ఆ ఒక్క తోపులో మాత్రం దేవాంగపిల్లి గంగులమ్మ వల్ల ఉంది.

బుట్టల మనిషి పలకరించింది. "యాడికి పోయొస్తాండావమ్మా?"

"ఒక పాపను చూసొస్తున్నా."

"బాగుండాదా?"

"హాయిగా నిద్రపోతాంది."

"ఉట్టి చేతుల్తో పోలేదు గదా? పాప చేతిలో ఏదన్నా పెట్టల్ల."

నేను పట్టుకెళ్ళింది ఒక మాటకు అర్థం. అది ఆ ఇంట్లో ముందే ఉంది. ఉట్టి చేతులతోనే వెళ్ళానని ఒప్పుకుంటే ఆమె మందలించింది. వానలు పడగానే మళ్ళీ వెళ్తాను, రెండు కానుగ మొక్కలు తీసుకుని.