నేను పుట్టిచ్చిన ఇంగ్లీషు

ఇప్పటి పిల్లలు ఫోను నోటికాడ పెట్టుకొని తెలుగుల ఏదో అంటె, అది నిమిషంల ఇంగ్లీషు చేసి చెప్తున్నది. గప్పట్ల గట్ల కాదు. కోరుట్ల, జగిత్యాల దిక్కు ఇంగ్లీషంటె పోలీసు జీపసుంటిది. మనం ఏ తప్పు చెయ్యకున్నా అది ఎదురుంగ వస్తె గోడ పక్కకు జరిగి నిలవడుతుంటిమి. (నేనైతే గోడ దూకుతుంటి.) అసుంటి నేను, డిగ్రీల ఇంగ్లీషు పేపరు మూడోసారి రాసి సరిగ్గ ముప్పై అయిదు మార్కులు తెచ్చుకున్న నేను, ఇరవై రెండేండ్ల వయసుల కోరుట్లల ఇంగ్లీషు మాట్లాడుడు నేర్పే సారునైన. ఎట్లయిన్నో అప్పుడు నాకు సమజ్ కాలేదు, ఇప్పుడు మీకు చెప్పుకుంట సమజ్ చేసుకుంటున్న.

మాది సిరిసిల్ల. బట్ట నేసే సాంచెల చప్పుడు పడక, నౌకరి దేవులాడుకుంట కోరుట్లల మా పెద్దమ్మ ఇంట్ల దిగిన. వాళ్ల గల్లి మలుపుల ఒకాయనకు జిరాక్స్ దుకాణం ఉండె. దాని మీది అంతస్తుల గల్ఫుకు పోయెటోళ్లకు ఇంగ్లీషు క్లాసులు పెట్టిచ్చిండు. అందరు ఆయనను జిరాక్స్ సారు అంటుండ్రి. నా మార్కుల కాయితం జిరాక్స్ తీసుకుంటానికి పోతె, అది మిషన్ల పెట్టకుంటనే చదివి, "ఇంగ్లీషు పాసైనవా?" అన్నడు. "అయిన సార్, గని మాట్లాడ రాదు" అన్న. "నేర్పుతవా?" అన్నడు. "మాట్లాడ రాదంటున్న గద సార్!" అంటె, "అరె, వాళ్లకు నీకన్న తక్కువ వస్తది. గది చాలు, రేపు పొద్దుగాల ఏడు గంటలకు రా" అని నా కాయితం నాకిచ్చిండు. ఆ పూట తిన్న అన్నం మూడు రోజులు అరగలేదు.

క్లాసుల పదిహేడు మంది. అందరు నాకంటె పెద్దోళ్లే. వెల్గటూర్ నుంచి ఒకలు, కోనరావుపేట నుంచి వచ్చి చుట్టాల ఇంట్ల ఉన్నోళ్లు ఒకలు, పొలం పని చేసెటోళ్లు, కూలికి పోయెటోళ్లు. నేను లోపటికి అడుగు పెట్టంగనే పదిహేడు మంది ఒక్కసారి లేచి "నమస్తె సారూ" అన్నరు. నేను ఎనుకకు తిరిగి చూసిన, సారు ఎవలన్న వచ్చిండ్రేమోనని.

నా ఆస్తి ఒక్కటే, బస్టాండుల కొన్న ఒక సన్న పుస్తకం. ఇంగ్లీషోళ్లు రోజు మాట్లాడుకునే జాతీయాలు అండ్ల ఉండె. రాత్రి ఒకటి బట్టి పట్టి, పొద్దున అది పుట్టిన కాడ్నించి నాకు తెలిసినట్టు చెప్తుంటి. అయితే నిజం జాతీయాలను నమ్మిచ్చుడు ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఒకనాడు "రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్" అని బోర్డు మీద రాసి, జోరుగ వాన పడ్డట్టు అని చెప్పిన. ఎనుక బెంచి మీదికెల్లి ఒకాయన చెయ్యి ఎత్తి, "సారూ, మబ్బుల పిల్లులు, కుక్కలు ఎక్కడియి?" అన్నడు. "ఇంగ్లీషు అంటె గట్లనే ఉంటది" అన్న. పదిహేడు మొఖాలల్ల అనుమానం మొలిచింది. పని అల్కగ అయితె దాన్ని కేకు ముక్క అంటరని చెప్పిన నాడైతే ఇద్దరు లేచి పోయి జిరాక్స్ సారును అడిగొచ్చిండ్రు, ఈ పిల్లగానికి నిజంగ వస్తదా అని.

పదకొండు జాతీయాలు అయిపోయినంక అసలు కథ మొదలైంది. పన్నెండోది మొదలు పుస్తకంల పేజీలే లేవు. (మా పెద్దమ్మ వాటిల పల్లీలు పొట్లాలు కట్టి ఇరుగుపొరుగుకు పంచింది. ఆమె తప్పు లేదు, పుస్తకం నా మంచం కింద ఉండె.) తెల్లారితె క్లాసు. పదిహేడు మంది కండ్లు యాదికి వచ్చి బుగులుకు నాకు చలిజ్వరం వచ్చినంత పనైంది. పొద్దుగాల బోర్డు ముంగట సుద్దముక్క పట్టుకొని నిలవడ్డ. నా చెయ్యే రాసింది, నేను రాయలేదు: "డోంట్ ఈట్ మై హెడ్." మన "తలకాయ తినకు"ను గుంజి ఇంగ్లీషు చేసిన. ఇగ చచ్చిన అనుకుంట వెనుకకు తిరిగిన. అందరు తలకాయలు ఊపుతున్నరు! "గిది మంచిగున్నది సారూ! గిన్ని రోజులు గా పిల్లులు కుక్కలు దేనికి చెప్పిండ్రు?" అన్నరు.

నిజం చెప్పిన్నాడు నమ్మలేదు, అబద్ధం చెప్పంగనే నమ్మిండ్రు. ఇగ నేను ఆగలేదు. "మీ మాట నెత్తిన పెట్టుకుంట" అనేది "యువర్ వర్డ్ ఆన్ మై హెడ్" అయింది. "పోయొస్త" అనేది "ఐ గో అండ్ కమ్" అయింది. "నన్ను కడుపుల పెట్టుకొని చూసుకోండ్రి" అనేదాన్ని "కీప్ మీ ఇన్ యువర్ స్టమక్" చేసిన నాడు, నా మీద నాకే భక్తి కలిగింది.

ఆ పదిహేడు మందిల ఒకాయన ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీల బస్తాలు మోసిన మనిషి. అందరు బస్తా మామ అంటుండ్రి. ఆయన తలుపుల నిలవడితె మేము లైటు వేసుకొని పాఠం చెప్పుకోవాలె. ఆయన మోచెయ్యి నా నడుమంత ఉండె. మాట మాత్రం పాలు తాగే పిల్లంత మెత్తగ. అంతకు ముందు గల్ఫు కంపెనీలోళ్ల రెండు ఇంటర్వ్యూలకు పోయి, నోరు పెగలక వాపసు వచ్చిండు. ఒకనాడు క్లాసు అయినంక నా ఎదురుంగ కూసొని, "సారూ, మా ఇంటిది బీడీలు చేసుకుంట చేసుకుంట కండ్లు పోగొట్టుకుంటున్నది. వచ్చే వారం జగిత్యాలల ఇంటర్వ్యూ. గీసారి నేను సెలెక్ట్ గాకుంటె ఏం చేస్తనో నాకే తెల్వది" అన్నడు. ఆ మాట అనుకుంట బల్ల మీద చెయ్యి పెట్టిండు. బల్ల కిర్రుమన్నది. నా ఎముకలు గూడ.

అప్పటికెల్లి నాకు కలల బస్తా మామ తప్ప ఎవలు రాలేదు. ఒక కలల నన్ను బస్తాల వేసి నోరు కుట్టిండు. ఒక కలల ఏం చెయ్యలేదు, ఊకె చూసిండు. అది ఇంక భయమైన కల.

ఇంటర్వ్యూ నాడు జిరాక్స్ సారు నన్ను బస్సు ఎక్కిచ్చిండు. "నువ్వుంటె వాళ్లకు ధైర్యం" అన్నడు. జగిత్యాలల ఒక లాడ్జి మీది అంతస్తుల హాలు. లోపట కంపెనీ తరఫున వచ్చిన అరబ్బాయన, పక్కన అత్తరు వాసన కొట్టే ఏజెంటు. బయట మెట్ల మీద మేము. మొదలు పోయిన మనిషి అయిదు నిమిషాలల్ల బయటికి వచ్చిండు. "ఏమడిగిండ్రన్నా?" అన్న. "మస్తు అడిగిండు సారూ. అడిగింది అడిగిందే అడుగుతుంటె, మీరు చెప్పింది అన్న. డోంట్ ఈట్ మై హెడ్ అన్న." నేను గబుక్కున లేచిన. "ఆయన ఏమన్నడు?" "పెన్ను కింద పెట్టి నన్ను చూసిండు. ఏజెంటు నన్ను బయటికి పొమ్మన్నడు."

తర్వాత పేరు బస్తా మామది. నేను పోయి ఆయన అంగి పట్టుకున్న. (నా చేతికి అందింది అంగి అంచు మాత్రమే.) "మామా, గా నెత్తి మాట అనకు. కడుపు మాట అసలే అనకు. ఊకె 'ఎస్ సర్' అను" అని బతిమాలిన. ఎందుకో చెప్పే ధైర్యం మాత్రం నాకు లేకపాయె. మామ నన్ను వింతగ చూసి, "ఎస్ సర్ అనే రెండు సార్లు పోగొట్టుకున్న సారూ. నాకు నోటికి వచ్చినవి గా మాటలొక్కటే" అన్నడు. తలుపు తోసి లోపటికి పోయిండు. లోపల చీకటైంది.

తలుపు సందుల ఒక కన్ను పెట్టిన. అరబ్బాయన ఏదో అడిగిండు. ఎండల పని, ఫోర్‌మ్యాన్ చెప్పినట్టు వింటవా అన్నట్టు నాకు అర్థమైంది. మామ నోరు తెరిచిండు. మాట రాలేదు. గోడ గడియారం టక్ టక్ అన్నది. మామ మెడ మీద చెమట ధార కట్టింది. నేను ఆ కాస్త సేపట్ల ముసలోన్నై, మనుమలను గూడ ఎత్తుకున్న. అప్పుడు మామ తన చెయ్యిని, ఆ పారంత చెయ్యిని, మెల్లగ ఎత్తి నెత్తి మీద పెట్టుకొని, "యువర్ వర్డ్ ఆన్ మై హెడ్, సర్" అన్నడు. ఒక్కటి వచ్చినంక ఆగలేదు. "ఐ గో అండ్ కమ్, సర్. కీప్ మీ ఇన్ యువర్ స్టమక్, సర్!"

అరబ్బాయన కుర్చీలకెల్లి లేచిండు.

అంతే చూసిన. మెట్లు ఎన్నో నాకు తెల్వది, నేను రెండింటి మీదనే కాలు పెట్టిన. రోడ్డు దాటి ఒక సమోసాల బండి ఎనుక కూసున్న. బండాయన "ఎన్ని కావాలె?" అంటె, "జర అడ్డం నిలవడండ్రి" అన్న. పావుగంట కాకముందే "సారూ! సారూ!" అని వీధి అంత దద్దరిల్లింది. బస్తా మామ లాడ్జిలకెల్లి ఉరుక్కుంట వస్తున్నడు. బండి మీద నూనె మూకుడు ఊగింది. ఒక నీడ నా మీద పడ్డది. కండ్లు మూసుకున్న. నా రెండు చంకల్ల రెండు చేతులు దూరినయి, నేను నేల మీద లేను.

"సెలెక్ట్ అయిన సారూ!"

ఏజెంటు చెప్పిండట. వాళ్ల అరబ్బీల గూడ పెద్దల మాట వింటమని చెప్పెటప్పుడు చెయ్యి పైకి చూపి "నా నెత్తి మీద" అనే అంటరట. ఎక్కన్నో ముత్యంపేట మనిషి నోట్ల ఆ మాట విని ఆయన లేచి మామ చెయ్యి పట్టుకున్నడట. కడుపు మాటకైతే తన బొర్ర తట్టుకొని దగ్గు వచ్చేదాక నవ్విండట. ముందుపోయిన మనిషిని గూడ మళ్ల పిలిచిండ్రట, తలకాయ తినుడు వాళ్ల భాషల గూడ ఉన్నదట.

మామ నన్ను కింద పెట్టినంక ఏడుపు వచ్చింది. "మామా, గవి ఇంగ్లీషు మాటలు కావు. నాకు రాక, మన మాటలనే…" అన్న. మామ నా అంగి మడతలు సరిచేసుకుంట, "ఎరికే సారూ" అన్నడు. "మా ఇంటిది మొదటి నాడే అన్నది, గిది మన మాటనే, ఇంగ్లీషు అంగి తొడిగిండు గా పిల్లగాడు అని. మన మాట గాబట్టే నోట్లకెల్లి బయటవడ్డది. లేకుంటె ఇయాల గూడ మట్టిముద్ద లెక్క నిలవడుతుంటి."

"మరి సెలెక్ట్ గాకుంటె ఏం చేస్తనో తెల్వదన్నవు గద మామా?"

"తెల్వకనే అన్న సారూ. ఇంటికి పోయి ఆమెకు ఏమని చెప్పాల్నో తెల్వక."

ఇక్కడికి కథ మంచిగ అయిపోతె నేను మంచోన్ని అవుతుంటి. తెల్లారి పొద్దుగాల క్లాసుకు పోతుంటె, జిరాక్స్ దుకాణం ముంగట జాతర. లైను గల్లి మలుపు తిరిగి మా పెద్దమ్మ ఇంటి దాక వచ్చింది. (యాభై మంది ఉండ్రి, నాకు అయిదు వందల మంది అవుపడ్డరు.) అందరికి ఆ ఇంగ్లీషే కావాల్నట. లైను ముంగట బస్తా మామ నిలవడి, "తోసుకోకుండ్రి, సారు వస్తున్నడు" అంటున్నడు. బస్తా మామకు భయపడ్డది ఒక ఎత్తు, ఇంత మంది నమ్మకానికి భయపడ్డది ఇంకో ఎత్తు. నేను ఎనుకకు మర్లి, పెద్దమ్మకు గూడ చెప్పకుండ వేములవాడ బస్సు ఎక్కి, అక్కడ దిగి సిరిసిల్ల బస్సు పట్టి, సాయంత్రానికి మా సాంచెల చప్పుడుల కలిసిపోయిన. ఆ చప్పుడు ఎంత హాయిగ వినవడ్డదో!

తర్వాత పెద్దమ్మ వచ్చినప్పుడు చెప్పింది, మామ విమానం ఎక్కే ముందటి రోజు ఇంటికి వచ్చిండట. వాళ్లామె గూడ వచ్చిందట. నేను వస్తనేమోనని గంటసేపు అరుగు మీద కూసొని, చాయ్ తాగి, "సారుకు ఏమన్న కష్టమొచ్చిందా?" అని అడిగి పోయిండ్రట. నేను పారిపోయిన్నని వాళ్లకు తోచనే లేదు.

ఇప్పుడు నాకు యాభై దగ్గర పడుతున్నయి. జిరాక్స్ సారు ఆ దుకాణం తీసేసి శానా రోజులైంది. కోరుట్లల బస్సు దిగినప్పుడల్ల ఆ గల్లి దిక్కు ఒకసారి చూస్త. బతుకుల నా కోసం మనుషులు లైను కట్టింది ఆ ఒక్క పొద్దే. ఆ పొద్దు బస్సుల సీటు కింద దాక దిగజారి కూసున్న ఆ బక్క పిల్లగాన్ని ఇప్పుడు లేపి కూసోబెట్టి, "దిగరా, పోరా, వాళ్లేం తినరు" అని చెప్పాల్ననిపిస్తది. చెప్పినా వాడు దిగడని నాకు తెలుసు.