ఒంటి క్రెడిట్ డ్రైలింగ్

వర్జిల్ డ్రైలింగ్‌కు ఉన్న జబ్బు ఒక్కటే. ఏడాదికొక ఒంటి క్రెడిట్ కోర్సు కనిపెట్టకపోతే ఆయనకు తిండి సయించదు.

కాన్సాస్ గడ్డిమైదానాల నడుమ ఉన్న ఒక విశ్వవిద్యాలయంలో ఆయన పచ్చిక శాస్త్రం ప్రొఫెసర్. తక్కిన ప్రొఫెసర్లు మూడేసి క్రెడిట్ల కోర్సులు చెప్పి ఇళ్లకు పోతారు. ఈయన అవీ చెప్పి, పైన కొసరుగా ఒక క్రెడిట్ కోర్సు పెడతాడు. ఒక ఏడు 'గాలిమర మరమ్మతు'. ఇంకో ఏడు 'ఎండుగడ్డి వాసన పట్టడం'. దానికి పరీక్ష కళ్లకు గంతలు కట్టి పెట్టాడు. పోయిన ఏడు 'ఆవు ఏమనుకుంటోంది'. అచ్చుతప్పేమో కనుక్కుందామని డీన్ ఆఫీసువాళ్లు ఫోన్ చేశారు.

ఫోన్ ఎత్తింది మార్లిస్. అచ్చుతప్పు కాదనీ, కోర్సు పేరే అదనీ చెప్పి పెట్టేసి, కళ్లద్దాలు తీసి కాసేపు కళ్లు మూసుకుంది.

విభాగం ఆఫీసులో పోస్టుగ్రాడ్యుయేట్ల వ్యవహారాలన్నీ చూసేది ఆవిడే. తొమ్మిది క్రెడిట్లుంటేనే పూర్తికాలపు విద్యార్థి, ఎనిమిదుంటే కాదు, అది తప్పితే ఆరోగ్య బీమా కూడా ఊడుతుంది అని చెప్పీ చెప్పీ ఆవిడ గొంతు అరిగిపోయింది. సెప్టెంబరు దాటాక కొత్త కోర్సుల్లో చేరే వీల్లేదని చెబితే, సంతలో బేరమాడినట్టు ఆడతారు పిల్లలు. ఆ అలసట చాలదన్నట్టు పైన డ్రైలింగ్ ఒకడు.

అందరి కోర్సులూ ఆగస్టులో మొదలైతే ఆయన కోర్సు అక్టోబరు నడుమ మొదలవుతుంది. అలా మొదలయ్యే కోర్సుకు వేరే అనుమతి, వేరే సంతకాలు, వేరే చేరిక గడువు. ఆ తిరుగుడంతా మార్లిస్‌దే. ఆగస్టు అనే నెల ఒకటుందని మీకెవరూ చెప్పలేదా అని ఆవిడ ఏటా అడుగుతుంది. ఆయన దగ్గర ఏటా ఒక కారణం ఉంటుంది. గాలిమరకు అక్టోబరు గాలే గాలి. ఎండుగడ్డి అప్పటికి గానీ మాగదు. ఆవుల సంగతి అడిగితే, చలి పడితే గానీ ఆవు స్థిమితంగా ఆలోచించదన్నాడు. బద్ధకానికి ఇన్ని పేర్లు పెట్టగలవాణ్ణి మార్లిస్ ఇంకొకణ్ణి చూడలేదు.

ఈ ఏడు కోర్సు 'కంచె రాళ్లు'. చెట్లు లేని ఆ నేల మీద పూర్వం రైతులు సున్నపురాయి తొలిచి కంచెలకు స్తంభాలు పాతారు. అవి ఇప్పటికీ మైళ్ల కొద్దీ నిలబడి ఉన్నాయి. వాటిలో ఏది కనబడినా డ్రైలింగ్ తన పాత ట్రక్కు ఆపేస్తాడు. దిగి, రాయి మీద అరచెయ్యి ఆనించి, దాని పుట్టుపూర్వోత్తరాలు మొదలుపెడతాడు. ఒకసారి ఖర్మ కాలి మార్లిస్ ఆ ట్రక్కెక్కింది. పొద్దున బ్యాంకు దగ్గర దిగాల్సిన మనిషి దీపాలు పెట్టే వేళకు దిగింది. అప్పటి నుంచి దూరాన ఆయన టోపీ కనపడితే పక్క తలుపులోంచి జారుకుంటోంది.

విభాగం విందులోనూ ఆయన ఊరుకోలేదు. అక్కడ చిల్లీ అనే చిక్కుడుగింజల మాంసం కూరలోకి దాల్చినచెక్క రొట్టెలు నంజుకుంటారు కదా, అందరి పళ్లాల్లోంచీ ఆ రొట్టెలు ఏరి చిల్లీలో వరసగా నిలబెట్టి, ఉత్తరపు గాలికి రాయి ఎటు ఒరుగుతుందో చూపించాడు. అవి నిజంగానే ఒరిగాయి. ఆ పూట రొట్టె ఎవరికీ దక్కలేదు.

అక్టోబరు మొదట్లో జొలీన్ వచ్చింది. రెండో ఏడు చదువుతున్న పిల్ల, ఏడో నెల కడుపుతో ఉంది. భర్త వాళ్ల నాన్న పొలంలోనే పని చేస్తాడు. బీమా అంటూ ఉంటే అది ఈ పిల్ల చదువు మీద వచ్చేదే.

జరిగిందేమిటంటే, విభాగంలో ఒక క్రెడిట్ సెమినార్ ఉంది. దాన్ని రెండుసార్లకు మించి లెక్కలోకి తీసుకోరు. ఆ మాట ఎవరికీ గుర్తుండదు, కంప్యూటరుకు అసలే ఉండదు. జొలీన్ మూడోసారి చేరితే అది నోరెత్తకుండా చేర్చుకుంది. నెల పోయాక పైవాళ్లు చూసి ఆ క్రెడిట్ కొట్టేశారు. తొమ్మిది ఎనిమిదైంది. శుక్రవారంలోగా సరిచేసుకోకపోతే బీమా రద్దని కబురు పంపారు.

"పురుడు డిసెంబరులో, మార్లిస్ గారూ," అంది జొలీన్. ఏడవలేదు. ఏడవడానికి కూడా ఓపిక లేనట్టు కూర్చుంది. "ఏదో ఒకటి చూడండి. ఏ కోర్సైనా పరవాలేదు."

మార్లిస్ నోటి దాకా వచ్చింది, సెప్టెంబరు దాటాక వీల్లేదమ్మా అని. అలవాటైన మాట. అయినా ఆ పిల్ల మొహం చూసి, చేరడానికి ఇంకా గడువున్న ఒంటి క్రెడిట్ కోర్సు ఎక్కడైనా ఉందేమోనని కంప్యూటరులో వెతికింది. కాలేజీ మొత్తానికి ఒక్కటే దొరికింది. కంచె రాళ్లు.

ఆవిడ కుర్చీలో వెనక్కి వాలింది. గాలిమరల కోర్సులో చేరింది ఎవరు? మోకాలు విరిగి ల్యాబు వదులుకున్న కుర్రాడు. ఎండుగడ్డి కోర్సులో? తల్లి పోయి ఊరెళ్లి వచ్చేసరికి సెమినార్‌లో పేరు పోగొట్టుకున్న పిల్ల. ఎనిమిదికి పడితే వీసాకే ఎసరొచ్చే తైవాన్ అబ్బాయి ఆవుల దగ్గర తేలాడు. వాళ్లందరికీ వీల్లేదమ్మా అని చెప్పి పంపింది తనే. వాళ్లు వెళ్లి ఎక్కడ తేలారో ఒక్కనాడూ కలిపి చూసుకోలేదు. మార్లిస్‌కు నిజంగా సిగ్గేసింది.

జొలీన్ పేరు ఎక్కించింది. అయినా గండం గడవలేదు. ఐదుగురైనా లేని కోర్సును రద్దు చేయాలని ఆ ఏడే డీన్ కొత్త నియమం పెట్టాడు. జొలీన్‌తో కలిపి నలుగురయ్యారు. డ్రైలింగ్ ఆ వారమంతా టోపీ చేత్తో పట్టుకుని ఐదో మనిషి కోసం వసారాల వెంట తిరిగాడు. కాపలా మనిషిని కూడా అడిగాడట. పిల్లలు ఆయన్ని చూసి గోడలకు అంటుకుపోయారు. శుక్రవారం మధ్యాహ్నానికి ఆయన మార్లిస్ గదిలోకి వచ్చి నిలబడ్డాడు. ఈసారి ఆవిడ పక్క తలుపు వైపు పోలేదు.

"ఎవరూ దొరకలేదు," అన్నాడు.

"వర్జిల్ గారూ, మీరు అక్టోబరులో పెట్టేది ఇందుకేనా?"

ఆయన టోపీ అంచు సవరించుకున్నాడు. "జొన్న కోతలయితే గానీ రాళ్లు కనపడవు, మార్లిసమ్మా."

"ఆవులో? అవి ఆగస్టులో కనపడవా?"

 ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

మార్లిస్ నిట్టూర్చింది. ఎప్పుడో సంగీతంలో డిగ్రీ చేసింది ఆవిడ, ఆ కోర్సులో చేరడానికి అది చాలు. విశ్వవిద్యాలయంలో ఉద్యోగం చేసేవాళ్లు ఏడాదికొక కోర్సు ఫీజు లేకుండా చదువుకోవచ్చు. ఇన్నేళ్లలో ఆవిడ ఒక్కటీ చదవలేదు, నియమాలు చెప్పడానికే ప్రాణం చాలక. కంప్యూటరు తన వైపు తిప్పుకుని ఐదో పేరుగా తన పేరే కొట్టింది.

"చలికోటు తెచ్చుకోండి," అన్నాడు డ్రైలింగ్. 

అలా శనివారాలు విశ్రాంతి తీసుకోవాల్సిన మనిషి, ఎదురుగాలిలో కోసిన జొన్న మోళ్ల మధ్య నడిచింది. డ్రైలింగ్ ప్రతి రాయి దగ్గరా ఆగాడు. జొలీన్‌ను మటుకు ట్రక్కులో కూర్చోబెట్టి, కిటికీ దించి, రాయి దగ్గర నుంచి కేకేసి పాఠం చెప్పాడు. ఆ పిల్ల దిగినప్పుడల్లా మార్లిస్ చెయ్యందించింది. మోకాళ్లు సలిపాయి, ముక్కు కారింది, రాళ్లన్నీ ఒక్కలాగే కనపడ్డాయి. డిసెంబరులో ఆడపిల్ల పుట్టింది. ఆసుపత్రి బిల్లు బీమావాళ్లే కట్టారు.

ఆ తర్వాత మార్కులు వచ్చాయి. నలుగురికీ ఏ గ్రేడు. మార్లిస్‌కు బి.

ఆవిడ తిన్నగా ఆయన గదికి వెళ్లింది. మీ కోర్సు నిలబెట్టినదాన్ని నాకు బి ఏమిటని నిలదీసింది.

"మీరు రాళ్లు ఎక్కడ చూశారు? కోర్సంతా ఆ పిల్ల అడుగులే చూశారు," అన్నాడు డ్రైలింగ్, ఎంతో బాధగా.

 మరుసటి ఆగస్టులో, ఇంకా ఎవరూ చేరకముందే, ఆయన కొత్త కోర్సులో మొట్టమొదట ఎక్కిన పేరు మార్లిస్‌దే. అడిగినవాళ్లందరికీ ఆ పాత బి మచ్చ చెరుపుకోవడానికని చెబుతోంది. ఇప్పుడు దానికి నలుగురు దొరికితే చాలు.